శాంటా క్లారా లోయలో మీ ఇంటి కింద నేల వయసెంత? ఏ పటం దేనికి పనికొస్తుంది?

జనవరిలో వాన వెలిసిన ఒక శనివారం, మా పిన్ని కూతురూ ఆమె భర్తా కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో కొనాలనుకున్న ఇల్లు చూడడానికి నన్ను తీసుకెళ్ళారు. పెరటి కంచెకు అవతల కొయోటీ క్రీక్. చెల్లెలు చాలా ఉత్సాహంగా ఉంది. "అన్నయ్యా, చూశావా, ఇక్కడ నేల ఎంత మెరకగా ఉందో! నీళ్ళు నిలవవు. భూకంపం వచ్చినా ఈ మెరక నేలకు భయం లేదు కదా?" అని అడిగింది.

నేను వీధిలోకి వచ్చి రోడ్డు పక్కన పారుతున్న వాన నీటిని చూశాను. అది క్రీకు వైపు పోవడం లేదు. క్రీకు అంచు నుంచి బయలుదేరి, రెండు వీధుల దాకా దానికి దూరంగా పారుతోంది. వాగు పక్క నేల వాగు వైపు వాలకుండా అవతలికి వాలి ఉందంటే సాధారణంగా దానికి ఒక కారణం ఉంటుంది. ఆ వాగు వేల ఏళ్ళుగా పొంగిన ప్రతిసారీ ముందుగా బరువైన ఇసుకను ఒడ్డునే వదిలేసి, సన్నటి బంకమట్టిని దూరంగా మోసుకుపోయింది. అలా ఒడ్డున పేరుకున్నదే సహజ గట్టు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పెరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఏటి ఒడ్డున ఇసుక మేట ఉంటుంది, దూరంగా పల్లంలో నల్ల రేగడి ఉంటుంది.

మెరక అంటే క్షేమం, పల్లం అంటే ప్రమాదం అన్న మన పాత లెక్క వరద విషయంలో చాలావరకు సరిపోతుంది. భూకంపం విషయంలో సరిపోదు. శాన్ హోసే, మిల్పిటాస్, సన్నీవేల్, శాంటా క్లారా ఊళ్ళలో ఎన్నో తెలుగు కుటుంబాలు జీవితకాలపు పొదుపును ఇళ్ళ మీద పెడుతున్నాయి. ఇల్లు కొనేముందు ఎవరో ఒకరు ఫోనులో రంగుల పటం చూపించి "ఇక్కడ ఎర్రగా ఉందట, నిజమేనా?" అని అడుగుతారు. ఇంకొకరు అదే వీధిని మరో పటంలో పసుపు రంగులో చూపిస్తారు. ఈ లోయలోని పిన్న వయసు నేలల మీద కనీసం ఐదు డిజిటల్ పటాలు అందుబాటులో ఉన్నాయి. ఒక్కో పటం ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది కాబట్టే వాటి రంగులు కలవవు. ఏ ప్రశ్నకు ఏది తెరవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

## పటం ఎంచుకునే ముందు చూడవలసినవి

పిన్న వయసు నేలలంటే క్వాటర్నరీ నిక్షేపాలు. దాదాపు గత 26 లక్షల ఏళ్ళలో వాగులు, అఖాతం, కొండవాలులు పోసిన మట్టి, ఇసుక, కంకర. అందులో చివరి 11,700 ఏళ్ళ భాగం హోలోసీన్. దానికి ముందుది ప్లైస్టొసీన్. శాంటా క్లారా లోయకు పడమట శాంటా క్రూజ్ కొండలు, తూర్పున డయాబ్లో కొండలు, ఉత్తరాన శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ఉన్నాయి. కొండల నుంచి దిగిన గ్వాడలూప్ నది, కొయోటీ క్రీక్, స్టీవెన్స్ క్రీక్ వంటివి ఈ లోయను నింపాయి. మనం నడుస్తున్న నేలంతా వాటి పనే.

వయసు ఎందుకు ముఖ్యం? నీటితో తడిసిన వదులు ఇసుకను భూకంపం గట్టిగా ఊపితే రేణువులు దగ్గరకు సర్దుకోవడానికి ప్రయత్నిస్తాయి. మధ్యలో ఉన్న నీటికి పోయే దారి దొరకదు, ఒత్తిడి పెరుగుతుంది. రేణువులు ఒకదానినొకటి ఆనుకోవడం మానేస్తాయి, నేల కాసేపు చిక్కటి ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీనినే ద్రవీకరణం అంటారు. నేల ఎంత పాతదైతే రేణువులు అంత గట్టిగా సర్దుకుని, అతుక్కుని ఉంటాయి. ప్రతి స్థలంలోనూ తవ్వి చూడలేం కాబట్టి, పటం గీసేవారు వయసునూ మేట రకాన్నీ ఆధారంగా తీసుకుంటారు.

ఇక కొలమానాలు. మొదటిది, పటం ఏం చెబుతోంది? కొన్ని పటాలు ఇక్కడ ఏ మట్టి ఉందో చెబుతాయి. కొన్ని ఆ మట్టికి ద్రవీకరణ స్వభావం ఎంత ఉందో చెబుతాయి. కొన్ని ఫలానా భూకంపం వస్తే ఏమవుతుందో అంచనా వేస్తాయి. ఒకటి మాత్రం చట్టం ఇక్కడ ఏం అడుగుతుందో చెబుతుంది.

రెండోది స్కేలు. దీన్ని పట్టించుకోనివారే ఎక్కువ, నష్టమూ ఇక్కడే ఎక్కువ. కాగితం మీద అర మిల్లీమీటరు మందం ఉన్న గీత 1:24,000 పటంలో నేల మీద 12 మీటర్లవుతుంది. 1:200,000 పటంలో 100 మీటర్లవుతుంది. వీధి వైపు 60 అడుగులున్న ఇంటి స్థలం అంటే 18 మీటర్లు. ఫోనులో వేళ్ళతో ఎంత పెద్దది చేసినా గీత సన్నగానే కనిపిస్తుంది కానీ, దాని వెనకున్న ఖచ్చితత్వం పెరగదు. మీ ఇల్లు రెండు రంగుల సరిహద్దు మీద పడితే, మీకు రెండు రంగులూ వర్తిస్తాయనుకోవడమే సరైన పద్ధతి.

మూడోది భూగర్భ జలం. పటం గీసినప్పుడు నీరు ఎంత లోతులో ఉందని అనుకున్నారు? ఈ లోయలో అది మామూలు ప్రశ్న కాదు. భూగర్భ జలం అతిగా తోడడం వల్ల నేల కుంగుతుందని అమెరికాలో మొదట గుర్తించింది ఇక్కడే. శాన్ హోసే నడిబొడ్డున నేల దాదాపు 13 అడుగులు దిగింది. తర్వాత బయటి నుంచి నీరు తెచ్చి, చెరువుల ద్వారా నేలలోకి ఇంకించి, జలమట్టాన్ని మళ్ళీ పైకి తెచ్చారు. నీటి భద్రత కోణంలో అది గొప్ప విజయం. ద్రవీకరణ కోణంలో మాత్రం, పొడిగా ఉన్న ఇసుక మళ్ళీ తడిసిందని అర్థం.

నాలుగోది, ఏ భూకంపాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఐదోది, ఫైలు మీకు పనికొచ్చే రూపంలో ఉందా. ఇల్లు కొనేవారికి చిరునామా కొడితే జవాబు వచ్చేది కావాలి. విద్యార్థికి పాలిగన్లు (ఒక్కో నేల విభాగానికి పటంలో గీసిన హద్దులు), వాటి వెనక పట్టిక కావాలి.

| పటం | ఏం చెబుతుంది | దేని మీద ఆధారపడింది | ఎవరికి బాగా పనికొస్తుంది | ఏం చెప్పదు |
|---|---|---|---|---|
| 1994 శాంటా క్లారా లోయ డేటాబేస్ | మట్టి రకం, వయసు | నేలరూపాలు, క్షేత్ర పరిశీలన | లోయ ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలనుకునేవారు | ద్రవీకరణ స్థాయి |
| 2000 తొమ్మిది కౌంటీల పటం | మట్టి, ద్రవీకరణ స్వభావం | ప్రాథమిక సంకలనం | 2006 హద్దుల బయట ఉన్నవారు | వీధి స్థాయి వివరం |
| 2006 మధ్య అఖాత ప్రాంత పటం | మట్టి, ద్రవీకరణ స్వభావం | నేలరూపాలు, నేల పొరలు, వయసు | చాలామందికి మొదటి పటం | ఏ భూకంపానికి ఎంత సంభావ్యత |
| 2008 మూడు భూకంపాల పటాలు | సంభావ్యత | కోన్ పరీక్షలు, నీటి లోతు | తమ వీధికి అసలు ముప్పెంతో తెలుసుకోవాలనుకునేవారు | ఉత్తర శాంటా క్లారా లోయకు బయటి ప్రాంతాలు |
| రాష్ట్ర ముప్పు మండలాలు | లోపలా, బయటా | చట్టం, జలమట్టం, వయసు | కొనేవారు, అమ్మేవారు, కట్టేవారు | ముప్పు ఎక్కువా తక్కువా |

## 1994: లోయ కథ చెప్పే డేటాబేస్

దీనికి ముందు తరం పటం 1979లో వచ్చింది. ఎడ్వర్డ్ హెలీ, కెనెత్ లజోయ్ అఖాతం చుట్టూ ఉన్న మైదాన నేలలను 1:125,000 స్కేలులో గీసి, వాటి ఇంజనీరింగ్ లక్షణాలను పట్టణ ప్రణాళికకు అర్థమయ్యేలా వివరించారు. తర్వాత హెలీ, కార్ల్ వెంట్‌వర్త్, వారి సహచరులు అమెరికా భూగర్భ సర్వే తరఫున 1994లో శాంటా క్లారా లోయ క్వాటర్నరీ నేలలను డిజిటల్ డేటాబేస్‌గా విడుదల చేశారు. శాంటా క్లారా, అలమీడా, శాన్ మాటియో కౌంటీల భాగాలు ఇందులో ఉన్నాయి.

దీనిని ఇప్పటికీ ఇష్టంగా తెరుస్తాను. కారణం, ఇది తీర్పు చెప్పదు, వర్ణిస్తుంది. కొండ పాదాల దగ్గర విసనకర్రలా పరుచుకున్న పాత ప్లైస్టొసీన్ మేటలు, వాటి మీదుగా కోసుకుంటూ దిగిన కుర్ర హోలోసీన్ మేటలు, వాగుల వెంబడి సహజ గట్లు, గట్ల మధ్య వరద పల్లాల బంకమట్టి, అఖాతం అంచున బురద. కుపర్టీనో నుంచి ఆల్విసో దాకా కారులో వెళ్తూ ఈ పటం పక్కన పెట్టుకుంటే, నేల ఎక్కడ ఎందుకు వాలుతుందో మెల్లగా కళ్ళకు కనిపిస్తుంది. పండ్ల తోటలు పోయి ఆఫీసు భవనాలు వచ్చినా వాలు మారలేదు.

అయితే ఇల్లు కొనే నిర్ణయానికి ఇది ఒక్కటే చాలదు. ద్రవీకరణ స్థాయిని ఇది సూటిగా చెప్పదు. తర్వాత వచ్చిన పటాలు కొన్ని సరిహద్దులను సరిచేశాయి కూడా.

## 2000: విశాలమైనది, ప్రాథమికమైనది

కీత్ నూడ్సెన్ బృందం అఖాతం చుట్టూ ఉన్న తొమ్మిది కౌంటీలనూ ఒకే పద్ధతిలో చూపింది. ముద్రించిన రంగుల పటాల స్కేలు 1:275,000. పేరులోనే ప్రాథమికం అని ఉంది, అలాగే వాడాలి. మీ ఊరు 2006 పటం హద్దులో లేకపోతే ఇదే దిక్కు. ఇందులో ఇంకో మంచి వస్తువు ఉంది. గత భూకంపాల్లో ఎక్కడెక్కడ నేల చిట్లింది, ఇసుక ఉబికింది, పక్కకు జారింది అన్న డిజిటల్ సంకలనం. 1906 భూకంపంలో మిల్పిటాస్ దగ్గర కొయోటీ క్రీక్ ఒడ్డు జారిన సంగతి అటువంటి రికార్డుల వల్లే ఈనాటికీ మన ముందుంది. పటంలోని రంగు అంచనా. ఆ చుక్కలు మాత్రం జరిగిన సంఘటనలు.

## 2006: మొదట తెరవవలసినది

ఒకే ఒక్క పటం చూసే ఓపిక ఉందని ఎవరైనా అంటే నేను దీన్నే చూపిస్తాను. రాబర్ట్ విటర్, ఇతర భూగర్భ శాస్త్రవేత్తలు గీసిన ఈ పటం, మధ్య అఖాత ప్రాంతానికి 2000 పటం స్థానంలోకి వచ్చింది. నేలరూపం, నేల పొరల ముదురుతనం, మేట ఎలా పడింది, వయసెంత అన్న నాలుగింటితో విభాగాలను వేరు చేశారు. ఒక్కో విభాగానికి అత్యధికం నుంచి అత్యల్పం దాకా ఐదు ద్రవీకరణ స్థాయిలు ఇచ్చారు. ముద్రణకు పెట్టిన రంగుల పటం 1:200,000లోనే ఉంది. అసలు వివరం డేటాబేసులో ఉంది. కాబట్టి పీడీఎఫ్ తెరిచి ఇల్లు వెతక్కండి, డేటాబేసులోని పాలిగన్‌ను వెతకండి.

2000 నుంచి 2006కు రెండు మార్పులు జరిగాయి. రెండూ తెలుసుకోదగ్గవే.

ఒకటి అఖాత బురద. 2000లో దానికి పై స్థాయి ఇచ్చారు. మరింత పరిశీలించాక 2006లో దానిని మధ్యస్థానికి దించారు. బురద అంటే మెత్తన, కాబట్టి ప్రమాదం అని మనకు అనిపిస్తుంది. కానీ ద్రవీకరణకు కావలసింది వదులు ఇసుక. జిగట బంక రేణువులు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. బురద వేరే రకంగా ఇబ్బంది పెడుతుంది: భూకంప తరంగాలను పెంచుతుంది, బరువు పడితే ఏళ్ళ తరబడి కుంగుతుంది. ద్రవీకరణ పటంలో రంగు తగ్గిందని ఆ నేలకు అన్ని దోషాలూ పోయినట్టు కాదు.

రెండోది మెరక వేసిన నేల. అఖాతం అంచున మట్టి తోలి, పూడ్చి కట్టిన ప్రాంతాలు చాలా ఉన్నాయి. 2006లో మెరకను దాని కింద ఏముందన్న దాన్ని బట్టి అంచనా వేశారు. బురద మీద పోసిన మెరకకు అత్యధిక స్థాయి వచ్చింది. 1989 అక్టోబర్ 17న సాయంత్రం 5:04కు 6.9 తీవ్రతతో వచ్చిన లోమా ప్రియెటా భూకంపంలో శాన్ ఫ్రాన్సిస్కో మరీనా ప్రాంతం అందుకు సాక్ష్యం. కేంద్రానికి చాలా దూరంలో ఉన్నా, పూడ్చిన నేల మీది ఇళ్ళు ఒరిగాయి, గ్యాసు గొట్టాలు తెగాయి, మంటలు లేచాయి.

ఈ పటం పరిమితి కూడా చెప్పాలి. ఇది స్వభావాన్ని చెబుతుంది, సంభావ్యతను చెప్పదు. "అధికం" అన్న మాట చూసి రేపే నేల కరిగిపోతుందన్నట్టు కంగారు పడేవారిని చూశాను. అదే మాటను పట్టించుకోకుండా వదిలేసినవారినీ చూశాను. ఆ మాటకు బరువెంతో తెలియాలంటే తర్వాతి పటం కావాలి.

## 2008: రంగులను అంకెలుగా మార్చినది

థామస్ హోల్జర్, ఆయన సహచరులు ఉత్తర శాంటా క్లారా లోయలో కోన్ పరీక్షల ఫలితాలను పెద్ద ఎత్తున తీసుకున్నారు. ఉక్కు కోను కొనను సెకనుకు రెండు సెంటీమీటర్ల వేగంతో నేలలోకి నొక్కుతూ, ఎంత ఎదురొత్తు వస్తోందో ప్రతి పొరలోనూ నమోదు చేసే పరీక్ష అది. ఇసుక, బంకమట్టి, కంకర ఒక్కోటి ఒక్కో గీత గీస్తాయి. ఆ గీతల నుంచి ఒక్కో నేల విభాగానికి ద్రవీకరణ సంభావ్యతను లెక్కగట్టారు. శాన్ హోసే, క్యాంప్‌బెల్, కుపర్టీనో, మిల్పిటాస్, మౌంటెన్ వ్యూ, పాలో ఆల్టో, శాంటా క్లారా, సన్నీవేల్, సరటోగా వంటి ఊళ్ళన్నీ ఇందులో ఉన్నాయి.

మూడు భూకంపాలను ఊహించారు. శాన్ ఆండ్రియాస్ పగులు (భూకంపాలు పుట్టే ఫాల్టు) మీద 1906 లాంటి 7.8 తీవ్రత. హేవార్డ్ పగులు మీద 1868 లాంటి 6.7. కాలవెరాస్ పగులు మీద 6.9. మూడింటిలోనూ ద్రవీకరణ వస్తుందని తేలిన చోటు ఒకటే: ప్రధాన వాగుల వెంబడి ఉన్న కుర్ర హోలోసీన్ సహజ గట్లు. 7.8 భూకంపానికి, జలమట్టం ఒకటిన్నర మీటరు లోతులో ఉంటే అక్కడ సంభావ్యత 0.33 నుంచి 0.37. అంటే గట్టు నేలలో వంద చోట్ల చూస్తే 33 నుంచి 37 చోట్ల పైకి ఆనవాళ్ళు కనిపిస్తాయి. అదే జలమట్టం ఐదు మీటర్ల లోతుకు దిగితే 0.10 నుంచి 0.14. మిగతా నేల విభాగాలన్నిటికీ 0.05 కంటే తక్కువ.

ఈ అంకెలను మొదటిసారి చదివిన రోజు చాలాసేపు ఆగిపోయాను. మూడున్నర మీటర్ల నీటి తేడాతో ముప్పు మూడో వంతు దగ్గరకు పడిపోతోంది. పల్లపు బంకమట్టి కంటే వాగు గట్టు మీది మెరకే ఎక్కువ ప్రమాదంలో ఉంది. మా చెల్లెలు మెచ్చుకున్న ఎత్తైన పెరడు సరిగ్గా అటువంటిదే.

ఎంపికలో అసలు చిక్కు ఇక్కడుంది. 2006 పటం ప్రకారం లోయలో పెద్ద విస్తీర్ణాలకు మధ్యస్థం, ఆ పైన స్థాయిలు కనిపిస్తాయి. 2008 పటం చూస్తే ముప్పు వాగుల వెంబడి సన్నటి పట్టీల్లోకి కుదించుకుపోతుంది. మొదటిది విస్తృతంగా హెచ్చరిస్తుంది, రెండోది చోటును గురిపెడుతుంది. జాగ్రత్త ఎక్కువ కావాలనుకునేవారికి మొదటిది. డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలనుకునేవారికి రెండోది. రెండోది పరీక్షించిన మూడు భూకంపాలకే జవాబిస్తుందనీ, సంభావ్యత విభాగం మొత్తానికి చెప్పినదే కానీ మీ ఇంటి గోడ కింది ఇసుకకు కాదనీ గుర్తుంచుకోవాలి.

## రాష్ట్ర మండలాలు: అవునా, కాదా

లోమా ప్రియెటా తర్వాత 1990లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. దాని కింద కాలిఫోర్నియా భూగర్భ సర్వే ద్రవీకరణకు, కొండచరియలకు పరిశోధన అవసరమైన మండలాలను గీస్తుంది. ఆన్‌లైన్‌లో చిరునామా కొడితే లోపలా బయటా అన్నది వెంటనే తెలుస్తుంది. వాడటానికి ఇంతకంటే తేలికైనది లేదు.

మండలం గీయడానికి వాడిన నియమాలు చూస్తే వయసుకు ఎంత విలువ ఇచ్చారో అర్థమవుతుంది. చాలినన్ని పరీక్షలు లేని చోట, వెయ్యేళ్ళ లోపు వయసున్న మేటకు భూకంప కుదుపు గురుత్వ త్వరణంలో పదో వంతు ఉండి, నీరు 40 అడుగుల లోపు ఉంటే చాలు, మండలంలోకి వస్తుంది. 11,000 ఏళ్ళ లోపు మేటకు కుదుపు ఐదో వంతు, నీరు 30 అడుగుల లోపు ఉండాలి. 11,000 నుంచి 15,000 ఏళ్ళ మేటకు కుదుపు పదింట మూడు వంతులు, నీరు 20 అడుగుల లోపు. ముదిరేకొద్దీ నేలకు మినహాయింపు పెరుగుతోంది. నీటి విషయంలో చరిత్రలో నమోదైన అత్యధిక మట్టాన్ని తీసుకుంటారు. ఇవాళ మీ బావిలో నీరు ఎంత లోతున ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అందుకే ఈ మండలాలు ఉత్తర లోయలో చాలా మేర పరుచుకుని ఉంటాయి.

మండలంలో ఉన్న ఇల్లు అమ్మేవారు ఆ సంగతి కొనేవారికి రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడ కొత్తగా కట్టే చాలా ప్రాజెక్టులకు అనుమతి ముందు నేల పరిశోధన నివేదిక కావాలి. రెండంతస్తులకు మించకుండా చెక్క చట్రంతో కట్టే ఒంటి ఇంటికి, అది నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ఇళ్ళ లేఅవుట్‌లో భాగం కాకపోతే, రాష్ట్ర చట్టం నుంచి మినహాయింపు ఉంది. నగరాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు, కాబట్టి నగర కార్యాలయంలో అడగాలి.

ఈ పటం చెప్పనిది కూడా ఉంది. లోపల ఉన్న రెండు ఇళ్ళలో ఒకటి సహజ గట్టు మీద, ఇంకొకటి పల్లపు బంకమట్టి మీద ఉండవచ్చు. చట్టానికి రెండూ ఒకటే. అమ్మకం కాగితాల్లో "మండలంలో ఉంది" అన్న గడిలో టిక్కు చూసి మనసు మార్చుకోకండి. ఆ టిక్కు వెనక ఏ మట్టి ఉందో 2006 పటంలో చూసి, ఆ మట్టికి సంభావ్యత ఎంతో 2008లో చూడండి.

## మరి సాయిల్ సర్వే?

అమెరికా వ్యవసాయ శాఖ సాయిల్ సర్వే కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. తోట వేయడానికి, నీరు ఎలా ఇంకుతుందో చూడడానికి మంచిది. కానీ అది మొదటి ఒకటిన్నర, రెండు మీటర్ల లోతు సంగతే చెబుతుంది. ద్రవీకరణకు ఇంజనీర్లు మామూలుగా 50 అడుగుల దాకా చూస్తారు. ఇంటి భద్రత కోసం దీని మీద ఆధారపడకండి.

## మీరెవరు అన్న దాన్ని బట్టి

ఇల్లు కొనబోయేవారు మొదట రాష్ట్ర మండలం చూడండి, ఎందుకంటే అమ్మేవారి కాగితాల్లో అదే ఉంటుంది. తర్వాత 2006. మీ చోటు సహజ గట్టు, వాగు పాయ, లేదా బురద మీద పోసిన మెరక అని తేలితేనే 2008 దాకా వెళ్ళండి. పాత ప్లైస్టొసీన్ మేట అని వస్తే ద్రవీకరణ గురించి నిద్ర పాడుచేసుకోవద్దు. అప్పుడు పగుళ్ళ దూరం, ఇంటి పునాది, గోడల బలం గురించి ఆలోచించండి. 1906లో శాంటా క్లారాలోని ఆగ్న్యూస్ ఆసుపత్రి కూలి వందకు పైగా మంది చనిపోయారు. బలోపేతం చేయని ఇటుక కట్టడం గట్టి కుదుపుకు తట్టుకోలేదు. నేల ఒక్కటే అన్ని కథలూ చెప్పదు.

ఇప్పటికే ఇల్లు ఉన్నవారికి పటం మార్చుకునే అవకాశం లేదు, ఇల్లు బలపరచుకునే అవకాశం ఉంది. పునాదికి బోల్టులు, కింది గోడలకు ప్లైవుడ్ బిగింపు, వాటర్ హీటరుకు పట్టీలు, గ్యాసు ఆపే కవాటం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం. మామూలు ఇంటి బీమాలో భూకంప నష్టం ఉండదు, అది వేరుగా తీసుకోవాలి. 2008 పటంలో గట్టు పట్టీ మీద ఉన్నవారు ఆ బీమా గురించి మిగతావారికంటే ముందు కూర్చుని లెక్క వేసుకోవాలి.

కట్టబోయేవారికి పటాలు ప్రశ్నలను మాత్రమే ఇస్తాయి. జవాబు తవ్వకంలో ఉంటుంది. లైసెన్సు ఉన్న నేల ఇంజనీరు వచ్చి, 63.5 కిలోల సుత్తిని 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం చివరి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కబెడతారు. నాలుగైదు దెబ్బలకే దిగిపోయే తడి ఇసుక పొర ఒక్కటి కనబడితే పునాది ఆలోచన మొత్తం మారుతుంది. ఈ ఖర్చు మిగుల్చుకోవడానికి పటం చూపించి వాదించేవారిని చూశాను. ఏ పటమూ ఆ పనికి తయారు కాలేదు.

విద్యార్థులకు నా సలహా 2000, 2006 పాలిగన్లను ఒకదానిపై ఒకటి వేసి, ఎక్కడ స్థాయి మారిందో, ఎందుకు మారిందో రాయమని. అఖాత బురద ఒక్కటి చాలు మంచి ప్రాజెక్టుకు. హైదరాబాదులో, విజయవాడలో ఉండి ఇటువంటి పని చేయాలనుకునేవారికి భారత భూగర్భ సర్వేక్షణ వారి భూకోశ్ పోర్టల్‌లో 1:50,000 పటాలు దొరుకుతాయి. పద్ధతి ఇక్కడ నేర్చుకుని, ప్రశ్న మన డెల్టాకు వేయవచ్చు.

## ఫైలు తెరిచే ముందు ఒక హెచ్చరిక

పాత డేటాబేసులను క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో తెరవవచ్చు. కానీ ఆ కాలపు చాలా పటాలు 1927 నాటి ఉత్తర అమెరికా ఆధార వ్యవస్థలో (అక్షాంశ రేఖాంశాలు లెక్కించే పద్ధతిలో) ఉన్నాయి. ఇవాళ్టి ఫోన్లు, వెబ్ పటాలు వాడేది వేరే వ్యవస్థ. ఆ తేడా చెప్పకుండా ఒకదానిపై ఒకటి వేస్తే పటం వంద, రెండు వందల మీటర్లు పక్కకు జరుగుతుంది. నేను మొదటిసారి ఆ పొరపాటే చేశాను. కొయోటీ క్రీక్ పాయ పాలిగన్ అసలు వాగును వదిలి పక్క వీధి ఇళ్ళ మీద పడుకుంది. వాగు కళ్ళ ముందు ఉంది కాబట్టి తప్పు వెంటనే దొరికింది. వాగు లేని చోట గట్టు నేల, పల్లపు నేల తారుమారైతే ఎవరికీ తెలియదు. కాబట్టి ముందు ఏదైనా వాగు వంపు, పాత రైలు మార్గం, కొండ అంచు పటంతో కలుస్తున్నాయో చూసుకుని, తర్వాతే ఇంటి చిరునామా కొట్టండి.

మా చెల్లెలి వాళ్ళ ఇల్లు మేం అనుకున్నట్టే గట్టు నేల మీద వచ్చింది. ఒక వారం ఆలోచించి ఆ ఇల్లే కొన్నారు. పునాది తనిఖీ ముందే చేయించి, దానికయ్యే ఖర్చును ధరలో తగ్గించమని అడిగారు, అమ్మేవారు కొంత ఒప్పుకున్నారు. భూకంప బీమా మొదటి రోజునే తీసుకున్నారు. చెల్లెలు బీమా కాగితాల ఫైలులో తమ వీధి ఉన్న పటం ముక్కను ప్రింటు తీసి పెట్టుకుంది. కింద మూలన పెన్నుతో స్కేలు రాసి, పక్కనే "గీత మందం 12 మీటర్లు" అని కూడా రాసుకుంది.